గాలితిత్తి లేని చేప

ఓస్లో
నవంబరు, మొదటి మంచు పడిన రోజు

తమ్ముడూ తోర్లీవ్,

ఫోన్ చేస్తే నువ్వు "బాగానే ఉన్నానక్కా" అంటావు. తిన్నావా అంటే బాగానే తిన్నానంటావు, నొప్పి ఉందా అంటే దానికీ బాగానే అంటావు. నాన్నా అంతే. పడవ తిరగబడి రెండు గంటలు నీళ్ళలో నాని వచ్చినరోజు కూడా అమ్మతో బాగానే ఉన్నానన్నాడు. అందుకని ఉత్తరాలు రాసుకుందాం. కాగితం మీద నువ్వు చిన్నప్పట్నుంచీ కాస్త నిజం చెప్తావు.

నీ రక్తపరీక్ష ఫోటో అందింది. అంకెలన్నీ మామూలు గీత కిందికి దిగిపోయాయి. వేసవిలో అవి వేలల్లో ఉన్నప్పుడు ల్యాబులో పని పక్కన పెట్టేశాను, నీకు చెప్పలేదు. ఈ ఏడాదిలో నాకు ఇంతకన్నా మంచి కబురు రాదు.

ఏప్రిల్లో వృషణం తీసేశాక, జబ్బు అప్పటికే వీపు లోపలి గ్రంథుల్లోకి పాకిందని తెలిశాక, నన్నొకటి అడిగావు. "పెదనాన్న ఊపిరితిత్తుల క్యాన్సరుకీ ఇదే ప్లాటినం మందు ఎక్కించారు, ఆయన పోయాడు. నాకెందుకు పనిచేస్తుంది?" ఆరోజు ఏదో దాటవేశాను. ఇప్పుడు చెప్తాను.

నీ జబ్బు బీజకణాల్లో పుట్టింది. అవి మన ఒంట్లో ఉంటాయి గానీ మనవి కావు, తర్వాతి తరానివి. తన జన్యువుల రాతలో కాస్త చెరుపు కనిపించినా బతకకూడదని ఆ కణానికి పుట్టుకతోనే నేర్పి ఉంటుంది. ఆ చెరుపును కనిపెట్టే జన్యువొకటి కాపలా కాస్తూ ఉంటుంది. మిగతా క్యాన్సర్లు చాలావరకు ముందు ఆ కాపలావాణ్ణి చంపుతాయి. నీ రకం వాడి జోలికి పోదు. మందు తగలగానే వాడు గంట కొడతాడు, కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. కొద్దిమంది మగవాళ్ళలో మాత్రం గంట మోగదు. ఎందుకు మోగదన్నదే నా ఉద్యోగం.

ఇంకో మాట. నీ ఫైలు నేను తెరవను. ఇక్కడి ఆసుపత్రి కంప్యూటర్లో పేరు కొడితే తెరుచుకుంటుంది, కానీ ఎవరు తెరిచారో నమోదవుతుంది, వైద్యం చేయనివాళ్ళు సొంతవాళ్ళ ఫైలు చూస్తే నేరం. అదీగాక నీ సంగతులు నీ నోటే వినాలని ఉంది. పరిశోధనకి నీ గడ్డ ముక్క ఇవ్వనని అన్నావు చూడు, "నా బీజాన్ని మా అక్క భూతద్దంలో చూడటమా, చచ్చినా కుదరదు" అని, అది మా ఇడున్‌కి చెప్పాను. నా పక్క బల్ల దగ్గర పనిచేస్తుంది. నవ్వలేక కుర్చీలో కూలబడింది.

చివరి స్కాన్‌లో ఆ గ్రంథి దగ్గర చిన్న మచ్చ మిగిలిందన్నావు. చాలాసార్లు అది చచ్చిన కణాల గుర్తే. జనవరిలో మళ్ళీ తీస్తారుగా, చూద్దాం. మా మరదలు ఇల్వాను అడిగానని చెప్పు.

గున్‌వోర్


బాల్‌స్టాడ్, లోఫోటెన్
జనవరి చివర

అక్కకు,

నీ కాపలావాడి కథ పడవలో హాల్వర్ మామకి చెప్పాను. "అయితే నీ కణాలకున్న బుద్ధి నీకు లేదన్నమాట" అన్నాడు. అరవై దాటినా నోరు తగ్గలేదు.

జుట్టు తిరిగొచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి. ఇల్వా నన్ను గొర్రెపిల్లా అని పిలుస్తోంది. రేవులో అందరూ అందుకున్నారు. కాడ్ చేప దిగుతోంది. సూర్యుడు కొండ మీదికి ముక్కు పెట్టి చూసి వెళ్ళిపోతున్నాడు. పోయిన ఏడాది ఈ కాలమంతా ఆ గడ్డ ఏమిటో తెలియక, బరువుగా ఉందనుకుంటూ తిరిగాను. ఈ ఏడాది పడవలో నిలబడి వల లాగుతుంటే, ఏడుపొచ్చిందని రాస్తే నవ్వుతావా? ఉప్పునీళ్ళలో ఎవరికీ కనపడలేదులే.

ఇక్కడి డాక్టరు రక్తం మళ్ళీ తీసింది. శుభ్రం. నువ్వన్నట్టు ఇంతకన్నా మంచి కబురు లేదు. నడుం మాత్రం పట్టేసింది, వలల వల్ల.

గంట మోగని మనుషులు ఏమవుతారు? ఊరికే అడుగుతున్నా.

తోర్లీవ్


ఓస్లో
ఫిబ్రవరి

తోర్లీవ్,

నవ్వలేదు.

ఊరికే అడిగానన్నావు, నేను మాత్రం ఊరికే చెప్పలేను. ఈ నెలంతా ఆ ప్రశ్నతోనే కూర్చున్నాను. పదేళ్ళుగా నేను వెతుకుతున్నది ఒక దొంగని. మందుకి లొంగని గడ్డలో కొత్తగా ఏదో జన్యువు పాడై ఉంటుందని, దాన్ని పట్టుకుంటే ముందే హెచ్చరించొచ్చని. కొందరిలో దొరికాడు కూడా. కాపలావాడు చచ్చి ఉన్నాడు, లేదంటే వాడి నోరు నొక్కే జన్యువు ఒకటికి పదిగా పెరిగి ఉంది. వాళ్ళకి వేరే మందులు చూస్తారు. కొందరు బతుకుతారు, కొందరు బతకరు.

కానీ ఇంకో రకం వాళ్ళున్నారు. వాళ్ళ మొదటి గడ్డనీ, పాకి మిగిలిపోయిన గడ్డనీ పక్కపక్కన పెట్టి రాత చదివాను. పన్నెండో క్రోమోజోము పొట్టి చెయ్యి అదనంగా ఉండటం ఈ జబ్బుకి ఇంటిపేరులాంటిది. అది రెండింటిలోనూ ఉంది. కాపలావాడు క్షేమం. కొత్త చెరుపు ఏమీ లేదు. ఒకే రాతరా, అక్షరం తేడా లేదు. మారింది వయసు. పసికణం పెద్దదైపోయింది. చర్మమైంది, మెత్తటి ఎముకైంది, ఒక్కోసారి వెంట్రుకైంది. దాన్ని టెరటోమా అంటాం. పెద్దయిన కణానికి పసితనంలో నేర్చిన పాఠం పట్టదు. గంట మోగినా లేవదు.

నిన్న ఇడున్‌తో అన్నాను, దొంగే లేని ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవర్ని వెతికానని. "లేడని తేల్చడానికి కూడా ఎవరో ఒకరు వెతకాలిగా" అంది. ఆమె మంచిది. నా మనసు మాత్రం సమాధానపడలేదు.

జనవరి స్కాన్ సంగతి నువ్వు రాయలేదు. నడుంనొప్పి వలల వల్లే అయ్యుంటుంది. "అయ్యుంటుంది" అని రాశాక పెన్ను ముందుకి కదలడం లేదు. వెంటనే జవాబు రాయి.

గున్‌వోర్


బాల్‌స్టాడ్
మార్చి

అక్కకు,

చేప విపరీతంగా పడుతోంది. ఎండబెట్టే కొయ్య పందిళ్ళన్నీ నిండిపోయాయి, ఊరంతా కంపు, అంటే ఊరంతా సంతోషం. రాయడానికి తీరికలేదు. అంతా బాగానే ఉంది.

తోర్లీవ్

వదినా, ఈ కవరు అంటించమని నాకిచ్చాడు, అంటించేముందు నాలుగు ముక్కలు నేనూ రాస్తున్నా. ఇంత పిసినారి ఉత్తరం చూస్తే నీకు కోపమొస్తుందని. నీ తమ్ముడు బాగా తింటున్నాడు. నిన్న కాడ్, దాని కాలేయం, గుడ్లూ వండితే హాల్వర్‌తో పోటీపడి తిన్నాడు. రాత్రిళ్ళు మాత్రం వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు, నడుం అంటాడు. జనవరిలో స్కాన్‌కి వెళ్ళకపోతే నేను గోల పెట్టాను. కానీ రక్తం శుభ్రంగా ఉంటే సీజన్ అయ్యాక చూసుకోవచ్చని నువ్వే అన్నావట కదా. నువ్వన్నావంటే నాకు నిశ్చింత.

ఇల్వా


ఓస్లో
మార్చి, నీ ఉత్తరం అందిన పూట

తోర్లీవ్,

నేనెప్పుడన్నానురా?

ఫోన్ తియ్యడం లేదు. సముద్రం మీదున్నావని ఇల్వా చెప్పింది. ఆమెకి నేనేమీ చెప్పలేదు, రక్తం సంగతి అడిగి పెట్టేశాను. అంటే నీ అబద్ధంలో నన్నూ కలుపుకున్నావు. నా పేరు చెప్పి నీ పెళ్ళాం నోరు మూయించావు. మా అక్క పెద్ద శాస్త్రవేత్త అంటే ఇక ఎదురు లేదు కదా.

నవంబరులో నేనేం రాశానో గుర్తు తెచ్చుకుంటున్నాను. ఇంతకన్నా మంచి కబురు లేదని రాశాను. ఆ వాక్యాన్ని నువ్వు అనుమతి చీటీలా జేబులో పెట్టుకున్నావు. నాలాంటిది ఆ వాక్యం రాయకూడదు. సంతోషంలో రాసేశాను.

ఇప్పుడు విను. నాన్న నీకు నేర్పేటప్పుడు నేనూ పడవలోనే ఉన్నాను. చేపల్ని వెతికే ఎకో తెర మీద మెరిసేది చేప కాదు, చేప కడుపులోని గాలి అని చెప్పాడు. కాడ్‌కి గాలితిత్తి ఉంది కాబట్టి తెర వెలుగుతుంది. మాకెరెల్ చేపకి లేదు. పడవ కింద మాకెరెల్ మంద పోతున్నా తెర దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఖాళీ తెర చూసి చేప లేదనేవాడు వేసవి విహారానికొచ్చిన ఓస్లో వాడని మీరిద్దరూ నన్ను ఏడిపించారు.

రక్తం నీ తెర. పసి క్యాన్సరు రక్తంలోకి గుర్తులు వదులుతుంది, అంకెలు పెరుగుతాయి. టెరటోమా ఏమీ వదలదు. అది ఎంత పెరిగినా నీ రక్తం శుభ్రంగానే ఉంటుంది. నీకు నడుంనొప్పి. వెల్లకిలా పడుకోలేకపోతున్నావు. ఇది నాకు నీ పెళ్ళాం రాసిన తోకముక్కలో తెలిసింది.

తెర ఆపు. స్కాన్‌కి వెళ్ళు. చేప వచ్చే ఏడాదీ వస్తుంది.

అక్క


బాల్‌స్టాడ్
ఏప్రిల్, ఈస్టరు తర్వాత

అక్కా,

వెళ్ళాను. ఆ మచ్చ ఇప్పుడు కోడిగుడ్డంత ఉంది, వెన్నెముక ముందు, పెద్ద రక్తనాళానికి ఆనుకుని. రక్తం ఇప్పటికీ శుభ్రం. మాకెరెల్ అని నేనే డాక్టరుతో అన్నాను. ఆమెకి అర్థం కాలేదు, పడవలెరగని దక్షిణాది మనిషి.

కోసి తీయాలంటున్నారు. ఓస్లోలో, మీ ఆసుపత్రిలోనే. ఆస్గైర్ అని సర్జన్, ఫోన్లో మాట్లాడాడు. మెల్లగా మాట్లాడేవాడు. అక్కడ సన్నటి నరాలుంటాయట, గడ్డ వాటి మీద ఎక్కి ఉంటే తెగొచ్చట. తెగితే మిగతా అంతా మామూలే గానీ వీర్యం బయటికి రాదట. కీమో అయ్యాక ఏడాది దాకా పిల్లల ఆలోచన వద్దని ముందే చెప్పారు. అందుకని నా లెక్క ఏమిటంటే, శరత్కాలం దాకా ఆగితే ఏడాది నిండుతుంది, బిడ్డ కడుపున పడ్డాక కోయించుకోవచ్చు. స్కాన్ తీస్తే కోయాలంటారని నాకు జనవరిలోనే అనుమానం. అందుకే తీయించుకోలేదు. సీజన్ ఒక వంక.

కీమోకి ముందే వీర్యం దాచుకోమన్నారు కదా అంటావు. ఇల్వా కూడా దాచాననే అనుకుంటోంది. వెళ్ళాను. కప్పు చేతికిచ్చిన నర్సు ఎవరో తెలుసా? మన రేవులో ఐస్ అమ్మే మార్టిన్ కూతురు. "అరె తోర్లీవ్! అమ్మ బాగుందా?" అంది. కప్పు పట్టుకుని ఆ గదిలో నిలబడ్డాను. గోడకవతల ఆ పిల్ల ఎవరితోనో మన ఊరి మాటే మాట్లాడుతోంది. పది నిమిషాలుండి, మనసు మార్చుకున్నానని చెప్పి బయటికొచ్చేశాను. కింద కారులో ఇల్వా. "అయిందా?" అంది. "అయింది" అన్నాను. తుపానులో పడవ నడిపే మగాణ్ణి.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. నా ఫైలు తెరువు. ఫోటోలు చూడు, వాళ్ళలో వాళ్ళు ఏం రాసుకున్నారో చూడు. ఇది మంచిదో చెడ్డదో, శరత్కాలం దాకా ఆగుతుందో లేదో నీకు తెలిసిపోతుంది. జన్యువులు చదివేదానివి. ఎవరో గుమాస్తా నమోదు చూస్తే చూడనీ. నువ్వు ఆగమంటే ఆగుతాను, వద్దంటే వస్తాను.

తోర్లీవ్


ఓస్లో
ఏప్రిల్

తమ్ముడూ,

నీ పేరు టైపు చేశాను. పుట్టినతేదీ కూడా. వెతుకు అనే మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఇడున్ కాఫీ తెచ్చి, తెర వంక చూసి, కప్పు పెట్టి వెళ్ళిపోయింది. అక్షరం అక్షరంగా చెరిపేశాను.

నీతి కోసమే చెరిపానని అనుకోకు. జనవరిలోనే దొంగచాటుగా చూసి ఉంటే స్కాన్ తీయించుకోలేదని తెలిసేది, ఈపాటికి నీ ఆపరేషన్ అయిపోయేదేమో. ఆ ఆలోచన నన్ను వదలడం లేదు. నేను పాటించిన నియమం మంచిదే, దాని ఖర్చు నీ ఒంటి మీద పడింది.

కానీ ఇప్పుడు తెరిచినా అందులో నీకు చెప్పనిది ఏమీ ఉండదు. నన్ను నువ్వు జోస్యం అడుగుతున్నావు. బయటి నుంచి చూసి, లోపలున్నది ఏమిటో జన్యువుల వల్ల ముందే చెప్పే విద్య ఇంకా లేదు తోర్లీవ్. పదేళ్ళుగా దాని కోసమే పనిచేస్తున్నాను, రాలేదు. అది చచ్చిన మచ్చ కావచ్చు, కానీ పెరుగుతోంది కాబట్టి కాకపోవచ్చు. టెరటోమా కావచ్చు. బతికున్న క్యాన్సరు కావచ్చు. తీసి కోసి చూస్తే తప్ప ఆస్గైర్‌కీ తెలియదు, నాకూ తెలియదు.

తెలిసింది మాత్రం చెప్తాను. టెరటోమా అయితే దానికి మందు లేదు, కత్తి ఒక్కటే. పూర్తిగా తీసేస్తే చాలామందికి అక్కడితో సరి. వదిలేస్తే అది రక్తనాళాన్నీ మూత్రపిండం గొట్టాన్నీ నొక్కుతుంది, ఎప్పుడో ఒకనాడు మళ్ళీ క్యాన్సరుగా తిరగబడొచ్చు. గడ్డ పెరిగేకొద్దీ నరాలు మిగిలే అవకాశం తగ్గుతుంది. అంటే నువ్వు ఏ బిడ్డ కోసం ఆగుతున్నావో, ఆగడం వల్ల ఆ బిడ్డే దూరమవుతుంది. నరాలు తెగినా దారి పూర్తిగా మూసుకుపోదు. రెండో బీజం నీకుంది, వీర్యం అందులోంచి నేరుగా తీయగలరు. అది ఆస్గైర్‌ని అడుగు, సిగ్గుపడకు. ఇక్కడి నర్సుల్లో ఎవరూ మన రేవువాళ్ళు కారు, కనుక్కున్నాను.

ఇవన్నీ తర్వాత. ముందు ఇల్వాకి చెప్పు. నేను చెప్పను, ఫోన్ చేసి అడిగినా చెప్పను.

ఆగమంటే ఆగుతానన్నావు. ఆగొద్దు. ఈసారి ఈ ఉత్తరం అందరికీ చూపించు, ఇది నిజంగా అక్క మాటే.

గున్‌వోర్


బాల్‌స్టాడ్
జూన్

అక్కా,

ఆసుపత్రిలో పదిరోజులూ నా మంచం పక్కన కూర్చుని అల్లిక చేశావు, ఒక్క కుట్టు సరిగా పడలేదు. ఆ స్వెట్టరు నాకు పంపకు. అక్కడ మాట్లాడుకున్నాం గానీ రెండు సంగతులు మిగిలాయి, అవి కాగితం మీదే బాగుంటాయి.

మొదటిది. ఇల్వాకి చెప్పింది వంటింట్లో, ఆమె చేప ఒలుస్తుండగా. కత్తి చేతిలో ఉన్నప్పుడు చెప్పడం నా తెలివితక్కువతనం.

"దాచలేదా?" అంది.

"లేదు."

"ఏడాదిగా నేను ఆ ఫ్రిజ్‌లో నా బిడ్డలున్నారనుకుంటున్నాను తోర్లీవ్."

"తెలుసు."

"మార్టిన్ కూతురికి సిగ్గుపడ్డావా? దానికి ముక్కు తుడిచింది నువ్వు కాదూ చిన్నప్పుడు?"

"అందుకే."

కత్తి పెట్టేసి బయటికెళ్ళింది. పందిళ్ళ దాకా నడిచి, అక్కడే నిలబడిపోయింది. నేను వెళ్ళలేదు, వెళితే తంతుందని. తిరిగొచ్చి చేతులు కడుక్కుని అంది. "నాకు బిడ్డ కావాలి. కావాలనే ఉంది, దాన్ని తగ్గించి చెప్పను. కానీ నువ్వు లేని ఇంట్లో నీ ముక్కుతో ఒకడు తిరుగుతుంటే నేనేం చేసుకోను? పద, టికెట్లు తీయి." ఆ తర్వాత నాతో రెండురోజులు మాట్లాడలేదు, కానీ సంచి సర్దింది తనే.

రెండోది. ఫలితం నేను చెప్పేదాకా వినకూడదని ఒట్టు పెట్టుకున్నావట, ఇడున్ చెప్పింది. మీ పక్క గదిలోనే నా ముక్కల్ని అద్దం కింద చూస్తున్నారని తెలిసీ ఆ వైపు మెట్లు ఎక్కడం మానేశావట. నిన్న ఆస్గైర్ ఫోన్ చేశాడు. టెరటోమా. బతికున్న క్యాన్సరు ఎక్కడా లేదు. అంచులన్నీ శుభ్రం. చర్మం, మెత్తటి ఎముక, ఒక వెంట్రుక కూడా ఉందట. ఉంగరాలు తిరిగి ఉందా అని అడిగాను. పాపం నిజంగానే కాగితం తిరగేసి వెతికాడు.

నరాలు ఒక వైపువి మిగిలాయి. ఒక వైపు చాలొచ్చట, చాలకపోవచ్చట. పనిచేస్తుందో లేదో తెలియడానికి నెలలు పడుతుంది. ఇల్వా క్యాలెండరు తిప్పి గోడవైపు పెట్టింది.

ఇంకొకటి, ఇది మూడోది. డిశ్చార్జి ముందు పరిశోధన కాగితం మళ్ళీ తెచ్చారు. మొదటి గడ్డ, ఈ గడ్డ, రెండూ ఇచ్చేలా సంతకం పెట్టాను. పేరుండదు, నంబరే ఉంటుందని చెప్పారు. దొంగ లేడని తేల్చడానికి నేనూ పనికొస్తానేమో. నీ బల్ల మీదికి వస్తాను. గుర్తుపట్టకు.

తోర్లీవ్


ఓస్లో
సెప్టెంబరు

తమ్ముడూ,

నిన్న కొత్త నమూనాలు వచ్చాయి, మైనపు దిమ్మల్లో, ఒక్కొక్క మనిషివి రెండేసి. మొదటిది, మిగిలిపోయింది. పేర్లు లేవు. వేసవిలో దేశం నలుమూలల నుంచీ ఇచ్చినవాళ్ళవి.

పన్నెండో క్రోమోజోము అన్నిటిలోనూ అలాగే ఉంటుంది. కాపలావాడు చాలావాటిలో క్షేమంగా ఉంటాడు. ఈసారి రాత కాదు, రాతలో ఏ పేజీలు తెరిచున్నాయో, ఏవి మూసుకుపోయాయో చూడబోతున్నాను. అక్కడ ఏదైనా దొరుకుతుందో, ఇంకో పదేళ్ళు పోతాయో తెలియదు.

ఆ దిమ్మల్ని పరుస్తుంటే ఇడున్ అడిగింది, "అంత మెల్లగా పెడుతున్నావేం, పగిలేవి కావుగా" అని.

అందులో ఏది నువ్వో నాకు తెలియదు. అందుకని అన్నిటినీ నువ్వే అనుకుని పట్టుకున్నాను.

అక్క